తన ఊపిరికీ ఒక నిమిషం



రోగి శ్వాసను నర్సు ఎలా లెక్కపెడుతుందో మీరెప్పుడైనా గమనించారా? మణికట్టు పట్టుకుని నాడి చూస్తుంది. నాడి లెక్క అయిపోయినా చెయ్యి వదలదు. చూపు మాత్రం రోగి ఛాతీ మీదికి మళ్ళుతుంది. తన శ్వాసను ఎవరో చూస్తున్నారని తెలిస్తే మనిషి ఊపిరి తీసే తీరే మారిపోతుంది. అందుకని అతనికి తెలియకుండా లెక్కపెట్టాలని నర్సింగ్ విద్యార్థులకు మొదట్లోనే నేర్పిస్తారు. నిమిషం పూర్తిగా చూడాలి. పెద్దవాళ్ళకైతే నిమిషానికి 12 నుంచి 20 సార్లు వస్తే మామూలు. అంతకు తగ్గినా, పెరిగినా పైవాళ్ళకు చెప్పాలి.

పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఇలా ఎందరి ఊపిరో లెక్కపెట్టే నర్సింగ్ విద్యార్థిని, తన ఊపిరి ఎలా ఆడుతోందో ఎప్పుడు చూసుకుంటుంది? ఈరోజు నా ప్రసంగం దీని గురించే. మైండ్‌ఫుల్‌నెస్ అని అందరూ అంటున్న సాధన, అంటే జరుగుతున్న క్షణాన్ని ఎరుకతో గమనించే అభ్యాసం, నర్సింగ్ చదివే పిల్లలకు ఎంతవరకు పనికొస్తుంది? దాని గురించి వాళ్ళేమంటున్నారు? వాళ్ళ మాట విన్నాక పెద్దవాళ్ళం మనమేం చేయాలి?

నేను మాట్లాడుతున్నది ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌ను, అందులో కలిసిపోయిన మంగ్లాను మనసులో పెట్టుకుని. బిలాస్‌పూర్ అంటే మన ఉత్తరాంధ్ర ఇళ్ళలో రైలే గుర్తొస్తుంది. 1887లో పుట్టిన బెంగాల్ నాగపూర్ రైల్వే, 1891 నాటికి నాగపూర్ నుంచి అసన్‌సోల్ దాకా ఈ ఊరి మీదుగా పట్టాలు వేసింది. ఆ తర్వాత వాల్తేరు కూడా అదే కంపెనీ చేతికి వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి మనవాళ్ళు ఖలాసీలుగా, గ్యాంగ్‌మన్లుగా, ఫైర్‌మన్లుగా, గుమాస్తాలుగా ఈ లైను వెంబడి వచ్చి స్థిరపడ్డారు. 2003 ఏప్రిల్ 1 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకి బిలాస్‌పూరే ప్రధాన కేంద్రం. తాతలు రైల్వేలో పనిచేసిన ఇళ్ళలో ఇప్పుడు మనవరాళ్ళు చదువుకుంటున్నారు. ఊళ్ళో వైద్య కళాశాల ఉంది, రైల్వే వాళ్ళ పెద్దాసుపత్రి ఉంది, ప్రైవేటు ఆసుపత్రులున్నాయి. చదువైపోగానే ఉద్యోగం దొరుకుతుందన్న నమ్మకంతో చాలా ఇళ్ళ పిల్లలు నర్సింగ్‌లో చేరుతున్నారు. మగపిల్లలూ చేరుతున్నారు.

జి.ఎన్.ఎం. అనే నర్సింగ్ డిప్లొమా అయితే మూడేళ్ళు, బి.ఎస్సీ. నర్సింగ్ అయితే నాలుగేళ్ళు. ఈ చదువుకీ తక్కిన డిగ్రీలకీ పెద్ద తేడా ఒకటుంది. తక్కిన చదువుల్లో తప్పు చేస్తే మార్కులు పోతాయి. ఇక్కడ పద్ధెనిమిదేళ్ళ పిల్ల చేతిలో మనిషి ఉంటాడు. వారానికిన్ని రోజులు క్లాసు, ఇన్ని రోజులు వార్డు. పగలు పోస్టింగ్, రాత్రి హాస్టల్లో కేర్ ప్లాన్ రాయడం, ప్రొసీజర్ బుక్ మీద సంతకాల కోసం ట్యూటర్ వెంట తిరగడం, పైగా పరీక్షలు, వైవాలు. ఇక్కడి తెలుగు పిల్లలకు ఇంకో బరువు కూడా ఉంది. ఇంట్లో తెలుగు, బయట హిందీ, పుస్తకంలో ఇంగ్లీషు, మంచం మీద ఉన్న పల్లెటూరి ముసలామెది ఛత్తీస్‌గఢీ. నొప్పి ఎక్కడుందో ఆమె చెప్పేది అర్థం చేసుకోవడానికే సగం శక్తి అయిపోతుంది.

వీటన్నిటినీ మించింది మొదటి మరణం. నిన్న తాను జావ తాగించిన మనిషి మంచం ఇవాళ ఖాళీగా కనబడుతుంది. అలాంటప్పుడు ఏడవచ్చో లేదో కూడా ఆ పిల్లకు తెలియదు. పక్క మంచం వాళ్ళు అప్పటికే పిలుస్తుంటారు. సాయంత్రం ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ అడిగేది, తిన్నావా అని. తిన్నానని చెప్పి పెట్టేస్తుంది.

మైండ్‌ఫుల్‌నెస్ మాట ఈ పిల్లల దగ్గరికి వచ్చేది ఇలాంటి సందర్భంలోనే. దీన్ని ఆసుపత్రిలోకి తెచ్చినవారు జాన్ కబాట్-జిన్. అణు జీవశాస్త్రం చదివిన అమెరికన్. 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం వైద్య కళాశాలలో, మందులతో తగ్గని నొప్పులతో బాధపడేవాళ్ళ కోసం కొన్ని వారాల శిక్షణ మొదలుపెట్టారు. శ్వాసను గమనించడం, పాదాల నుంచి తల దాకా ఒంటిని మనసుతో తడిమి చూడటం, నెమ్మదిగా నడవడం, తేలికపాటి యోగాసనాలు. మత సంబంధమైన మాటేదీ లేకుండా నేర్పారు. మూలం మాత్రం మనకు దగ్గరిదే. పాళీ భాషలోని బౌద్ధ గ్రంథం సతిపట్ఠాన సుత్తం చెప్పేది ఈ గమనింపు గురించే. ఆంధ్రదేశానికీ ఛత్తీస్‌గఢ్‌కీ ఈ దారిలో పాత చుట్టరికం కూడా ఉంది. నాగార్జునకొండకు ఏ ఆచార్యుడి పేరు నిలిచిందో, ఆ నాగార్జునుడు దక్షిణ కోసలలో, అంటే నేటి ఛత్తీస్‌గఢ్ ప్రాంతంలో నివసించాడని 7వ శతాబ్దంలో వచ్చిన చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ రాశాడు. మహానది ఒడ్డున సిర్పూర్‌లో తవ్వి తీసిన బౌద్ధ విహారాలు ఈనాటికీ ఉన్నాయి.

రైల్వే ఇళ్ళవాళ్ళకు ఈ సాధన ఏమిటో ఒక్క ఉదాహరణతో చెప్పొచ్చు. ఇంజన్లో లోకో పైలట్, సహాయకుడు ఇద్దరూ ఉంటారు. సిగ్నల్ కనబడగానే దాని రంగేమిటో ఇద్దరూ పైకి చెప్పుకుంటారు. చూశాంలే అనుకుని ఊరుకోరు. ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉన్నా చెప్పుకోవలసిందే. అలవాటైన పనిలో మనసు ఎక్కడికో వెళ్ళిపోతుందని తెలిసే ఆ పద్ధతి పెట్టారు. ఎరుక సాధన చేసేదీ అదే. మనసు ఎక్కడుందో చూసుకుని, మనం ఉన్న చోటికి తెచ్చుకోవడం.

ఇప్పుడు విద్యార్థుల మాట విందాం. వేర్వేరు దేశాల్లో నర్సింగ్ పిల్లలకు దీన్ని నేర్పి, వాళ్ళ అనుభవాలు అడిగారు. అమెరికాలో 2004లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో, ఎనిమిది వారాల శిక్షణ తీసుకున్న విద్యార్థుల్లో ఆందోళన తగ్గింది. ఎదుటివాళ్ళ బాధను తమ బాధగా మీదేసుకునే గుణం కూడా కొంత తగ్గుముఖం పట్టింది. నర్సుకు ఇది చాలా ముఖ్యం. దయ ఉండాలి, కానీ ప్రతి మంచం దగ్గరా మునిగిపోతే ఆమె నాలుగో మంచం దాకా వెళ్ళలేదు. ఆస్ట్రేలియాలో న్యూకాసిల్ విశ్వవిద్యాలయం మొదటి సంవత్సరం విద్యార్థులతో ఏడు వారాల కార్యక్రమం నడిపింది. నిద్ర బాగుపడిందనీ, ఏకాగ్రత కుదిరిందనీ, తమను తాము తిట్టుకునే ఆలోచనలు తగ్గాయనీ వాళ్ళు చెప్పారు. అయితే టైమ్‌టేబుల్లో దీనికి వేళ దొరకడం కష్టమైందని కూడా చెప్పారు.

దక్షిణ కొరియాలో 2009లో వెలువడిన అధ్యయనం నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపిస్తుంది. అక్కడ ఎనిమిది వారాల సాధన తర్వాత ఒత్తిడి తగ్గింది, ఆందోళన తగ్గింది. డిప్రెషన్‌లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఇవన్నీ కొద్దిమందితో చేసినవే. అయినా డిప్రెషన్ గురించి తేలిన ఈ సంగతి మనం గుర్తుంచుకోవలసిన హెచ్చరిక. శ్వాస సాధన అన్నిటికీ మందు కాదు.

మన పిల్లల దగ్గర కూర్చుని అడిగినా ఇలాంటి మాటలే వినబడతాయి. ఇంజెక్షన్ ఇచ్చే ముందు ఒక్కసారి ఊపిరి తీసి వదిలితే చెయ్యి వణకడం తగ్గిందనే పిల్లలున్నారు. ఇన్‌ఛార్జి సిస్టర్ అందరి ముందూ కోప్పడినప్పుడు కళ్ళనీళ్ళు తిరిగినా, పాదాలు నేలకు ఆనిన చోట మనసు పెట్టి నిలదొక్కుకున్నామనే వాళ్ళున్నారు. నైట్ డ్యూటీ దిగి వచ్చాక నిద్ర పట్టక దొర్లేవాళ్ళం, ఇప్పుడు కాస్త పడుతోందనే వాళ్ళున్నారు.

ఒప్పుకోని వాళ్ళూ ఉన్నారు. నేను ఎక్కువ శ్రద్ధగా వినేది వాళ్ళ మాటే. కళ్ళు మూసుకుంటే చాలు నిద్ర ముంచుకొస్తోంది మేడమ్, అంటారు. అది సాధనలో లోపం కాదు, ఆ పిల్లకు నిద్ర బాకీ ఉందని ఒళ్ళు చెబుతున్న లెక్క. ముందు నిద్రపోనివ్వాలి. మనసు నిలవడం లేదు, మావల్ల కాదు, అంటారు కొందరు. మనసు తిరగడం సహజం. తిరిగిందని తెలుసుకుని వెనక్కి తెచ్చుకోవడమే అభ్యాసం. వందసార్లు తిరిగితే వందసార్లు తెచ్చుకోవాలి. ఈ ముక్క మొదటి రోజే చెప్పకపోతే, తమలోనే ఏదో తక్కువుందని పిల్లలు కుంగిపోతారు. మా మతంలో ఇది ఉండదు, ఇంట్లో ఏమంటారో, అని బెరుకు పడేవాళ్ళున్నారు. ఊపిరికి మతం లేదు. మంత్రం, బొమ్మ, దండం ఏవీ పెట్టకుండా నేర్పితే ఆ బెరుకు పోతుంది. ఫోన్‌లో ఇంగ్లీషు గొంతు విని చేయమంటే మాకేదీ పట్టడం లేదనే వాళ్ళున్నారు. అమ్మతో ఏ భాషలో మాట్లాడతారో ఆ భాషలో నేర్పితే పట్టుబడుతుంది. తెలుగు పిల్లకు తెలుగులో, ఛత్తీస్‌గఢీ పిల్లకు ఛత్తీస్‌గఢీలో.

మరికొందరు అడిగే ప్రశ్న ఇంకా సూటిగా ఉంటుంది. వార్డులో మనుషులు చాలరు. ఉన్నవాళ్ళకు కూర్చోవడానికి తీరిక లేదు. మాకు కావలసింది ఇంకో ఇద్దరు స్టాఫ్ నర్సులు, కడుపునిండా తిండి, నిద్ర. ఊపిరి చూసుకోమంటే ఏం లాభం? ఈ ప్రశ్న న్యాయమైనది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వ్యాధుల కొత్త వర్గీకరణ తెచ్చినప్పుడు, పనిలో అలసి అరిగిపోయే స్థితిని జబ్బుగా లెక్కించలేదు. సంభాళించుకోలేని పని ఒత్తిడి నుంచి పుట్టే పరిస్థితిగా చెప్పింది. అంటే మూలం పనిచేసే చోట ఉంది. అక్కడ ఏమీ మార్చకుండా పిల్లనే మారమంటే అది వైద్యం కాదు, తప్పించుకోవడం.

అందుకే ఈరోజు నేను చెప్పదలచుకున్న మాట ఒక్కటే. ఎరుక సాధన మంచిది, నేర్పండి. కానీ దాన్ని విశ్రాంతికి బదులుగా ఇవ్వకండి. విశ్రాంతితో పాటు ఇవ్వండి. డ్యూటీ వేళలోనే ఇవ్వండి.

ఈ ఊరికి ఈ సంగతి నేను విడమరచి చెప్పనక్కర్లేదు. రైల్వే ఉద్యోగుల పని గంటలకూ విశ్రాంతికీ 2005లో వచ్చిన నియమాలున్నాయి. బండి నడిపి వచ్చిన లోకో పైలట్‌కు ఇంత విశ్రాంతి ఇచ్చి తీరాలని రాసి ఉంది. అతని మీద జాలితో రాసిన మాట కాదది. వెనక పెట్టెల్లో వందల ప్రాణాలున్నాయని రాశారు. వార్డులో సెలైన్ బాటిల్ మారుస్తున్న విద్యార్థిని చేతిలో ఉన్నదీ ప్రాణమే. మందిచ్చే ముందు సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన వేళ అని ఐదు విషయాలు సరిచూసుకోవాలని ఆమెకు నేర్పుతాం. నిద్రలేని కళ్ళతో ఆ ఐదూ సరిచూడటం ఎంత కష్టమో రాత్రి డ్యూటీ చేసిన ప్రతి రైల్వే మనిషికీ తెలుసు.

ఇప్పుడు మీతో ఒక నిమిషం ఈ సాధన చేయిస్తాను. బండి నడుపుతూ వింటున్నవాళ్ళు, పొయ్యి దగ్గర ఉన్నవాళ్ళు చేయకండి, వింటూ ఉండండి. తక్కినవాళ్ళు కూర్చున్న చోటే కూర్చోండి. కళ్ళు మూయనక్కర్లేదు, ఎదురుగా నేల మీద ఒకచోట చూపు నిలపండి. పాదాలు నేలకు ఎక్కడ తగులుతున్నాయో గమనించండి. మడమ, అరికాలు, వేళ్ళు. చల్లగా ఉందా, వెచ్చగా ఉందా? ఇప్పుడు ఊపిరి. దాన్ని మార్చకండి. ముక్కు దగ్గరో, పొట్ట దగ్గరో ఎక్కడ బాగా తెలిస్తే అక్కడ చూడండి. లోపలికి వస్తోంది. బయటికి వెళ్తోంది. ఈపాటికి మనసు ఎటో వెళ్ళే ఉంటుంది. వెళ్ళిందని తెలిసింది కదా, చాలు. మళ్ళీ ఊపిరి దగ్గరికి తెచ్చుకోండి. భుజాలు బిగిసి ఉంటే వదిలేయండి. ఇంకొక్కసారి లోపలికి. ఇంకొక్కసారి బయటికి. అంతే.

దీనికి గది అక్కర్లేదు, చాప అక్కర్లేదు. నర్సింగ్ పిల్లలకు ఇంకా తేలికైన దారి కూడా ఉంది. రోగిని తాకే ముందు, తాకిన తర్వాత చేతులు శుభ్రం చేసుకోవడం వాళ్ళకు తప్పనిసరి. సబ్బు, నీళ్ళతో అయితే 40 నుంచి 60 సెకన్లు, స్పిరిట్ ద్రవంతో అయితే 20 నుంచి 30 సెకన్లు పట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ కాసేపు మనసును చేతుల మీదే ఉంచండి. నీళ్ళ చల్లదనం, వేళ్ళ సందుల్లో నురగ. కిందటి మంచం అక్కడ వదిలి, తర్వాతి మంచం దగ్గరికి వెళ్ళండి. రోజులో ఎన్నోసార్లు వచ్చే అవకాశమిది. ఒక్క నిమిషం కూడా అదనంగా ఖర్చు కాదు, చేతులు కూడా సరిగ్గా శుభ్రపడతాయి. ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లో నర్సింగ్ మీద పుస్తకం రాస్తూ, రోగిని గమనించడం గురించి ఒక అధ్యాయమే కేటాయించింది. గమనించే శక్తి నర్సుకు అలంకారం కాదు, పనిముట్టు. ఆ పనిముట్టును పదునుగా ఉంచుకోవడానికి ఈ సాధన.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. అందరికీ కళ్ళు మూసుకుని కూర్చోవడం సరిపడదు. ఘోరమైన ప్రమాదం కేసు చూసి వచ్చిన పిల్లకు, ఇంట్లో ఏదో దెబ్బ తిన్న పిల్లకు, కళ్ళు మూయగానే అదే కళ్ళ ముందుకు రావచ్చు. గుండె దడ పెరగవచ్చు. అప్పుడు బలవంతంగా కూర్చోబెట్టకూడదు. కళ్ళు తెరిచి నడవమనండి, ఎవరితోనైనా మాట్లాడమనండి. వారాల తరబడి నిద్ర లేకపోయినా, తిండి సహించకపోయినా, బతకాలనిపించకపోయినా అది సాధనతో నెట్టుకొచ్చే సంగతి కాదు. డాక్టరు సాయం కావాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న టెలీ మానస్ అనే ఉచిత ఫోన్ సేవ మొదలుపెట్టింది. రాత్రీ పగలూ పనిచేస్తుంది. తెలుగులోనూ, హిందీలోనూ మాట్లాడవచ్చు. నంబరు 14416. రాసుకోండి, మరోసారి చెబుతున్నాను. ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు.

ఇక అడగవలసిన వాళ్ళను అడుగుతాను.

నర్సింగ్ కాలేజీలు నడిపే పెద్దలకు నా మనవి. భారత నర్సింగ్ మండలి సవరించి 2021లో గెజిట్‌లో ప్రకటించిన బి.ఎస్సీ. నర్సింగ్ పాఠ్యప్రణాళికలో ఒత్తిడిని తట్టుకోవడం గురించి ఒక ఐచ్ఛిక పాఠం ఉంది. సంతోషం. కానీ అది చదువు చివర్లో, నాలుగో ఏడాదిలో వస్తుంది, అదీ కోరుకున్న వాళ్ళకే. పిల్ల వార్డులో మొదటిసారి అడుగుపెట్టేది మొదటి ఏడాదిలో. మందు అవసరమైన రోజున అందాలి. మొదటి పోస్టింగ్‌కు ముందే, క్లాసు వేళలోనే, వారానికి ఒక గంట ఇవ్వండి. దానికి మార్కులు పెట్టకండి, హాజరు పేరుతో భయపెట్టకండి. నేర్పేవారు తాము చేస్తున్నవారై ఉండాలి. అన్నిటికన్నా ముందు, వార్డులో మరణం జరిగిన రోజు ఆ పిల్లలను పది నిమిషాలు కూర్చోబెట్టి, ఏం చూశారమ్మా, ఎలా ఉన్నారు అని అడగండి. దీనికి ఏ శిక్షణా అక్కర్లేదు.

వార్డులో సీనియర్ సిస్టర్లకు ఒక మాట. మీరూ ఒకనాడు వణికే చేత్తోనే మొదటి ఇంజెక్షన్ ఇచ్చారు. తప్పు కనబడితే దిద్దండి, గట్టిగానే చెప్పండి, కానీ రోగి ముందు వద్దు. మీరు ఒక ఊపిరి ఆగి మాట్లాడితే ఆ పిల్ల నేర్చుకునేది రెండు పాఠాలు, పనీ, నిదానమూ.

తల్లిదండ్రులకు. నర్సింగ్ చదివే అమ్మాయి ఫోన్ చేసినప్పుడు తిన్నావా అని తప్పకుండా అడగండి. ఆ వెంటనే, ఇవాళ వార్డులో ఏం జరిగిందమ్మా అని కూడా అడగండి. సలహా చెప్పకండి, వినండి. సెలవుకు ఇంటికొస్తే మొదటి రోజు పనులు చెప్పకుండా పడుకోనివ్వండి.

చివరిగా, మీకు, నర్సింగ్ చదువుతున్న పిల్లలకు. ఊపిరి చూసుకోవడం నేర్చుకోండి, అది ఎవరూ మీ దగ్గర్నుంచి తీసుకోలేని బలం. అలాగని మీకు న్యాయంగా రావలసిన విశ్రాంతిని అడగడం మానకండి. ఓపికగా ఉండటం, హక్కు అడగటం ఒకదానికొకటి అడ్డు కాదు. ప్రశాంతంగా ఉన్న మనిషి ఇంకా స్పష్టంగా అడగగలదు. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళి, వారానికి ఆ ఒక్క గంట టైమ్‌టేబుల్లో వేయించమని మీ ప్రిన్సిపాల్‌ను అడగండి. ఈ వారమే అడగండి.